రిడ్యూస్ అయిందా, రిడ్యూస్ చేశారా? ఈ ఇంగ్లీషు క్రియను తప్పు లేకుండా వాడటం ఎలా

“జ్వరం తగ్గింది అనడానికి ‘మై ఫీవర్ రిడ్యూస్డ్’ అంటే సరిపోతుందా?” కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇది అడుగుతారు. అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లి అక్కడి డాక్టరుతో మాట్లాడాల్సి వచ్చిన అమ్మానాన్నలూ అడుగుతారు. సరిపోదు. ఎదుటివాళ్లకు అర్థమైతే అవుతుంది గానీ వాక్యం కుంటుతుంది. అంకెలు కలిస్తే అర్థమే మారిపోతుంది కూడా. ‘వెయ్యి తగ్గించారు’, ‘వెయ్యికి తగ్గించారు’ అనే రెండు మాటల మధ్య ఎంత దూరముందో మీకు తెలుసు. ఇంగ్లీషులో ఆ దూరమంతా ఒక చిన్న మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఈ క్రియ కష్టమైనది కాదు. తెలుగు మాట్లాడేవాళ్లు చేసే తప్పులన్నీ దాదాపు ఒకే చోట పుడతాయి. ఆ చోటు పట్టుకుంటే మిగతావి సులువుగా సర్దుకుంటాయి.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, గంట సమయం. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ నిఘంటువుల్లో ఏదో ఒకటి. మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుంటే ఈ పని సాగదు. అందులో రిడ్యూస్ పక్కన ‘తగ్గు, తగ్గించు’ అని రెండూ కలిపి ఇచ్చి ఉంటే మన తప్పు అక్కడే మొదలవుతుంది. వీటితో పాటు ఈ వారంలో మీరు మాట్లాడిన వాక్యాల్లో ‘తగ్గు’, ‘తగ్గించు’ వచ్చినవి ఒక పది రాసుకోండి. ఇంట్లో అన్నవి, ఆఫీసులో అన్నవి, కూరగాయల బండి దగ్గర అన్నవి ఏవైనా సరే. సాధన వాటి మీదే చేయాలి.

1. పలకడం, రూపాలు

మనలో చాలామంది ‘రెడ్యూస్’ అంటారు. ‘రిడ్యూస్’ అనండి, ‘డ్యూ’ మీద ఒత్తు పెట్టండి. అమెరికాలో ‘రిడూస్’ అంటారు. చివర వచ్చేది ‘స’ శబ్దమే, ‘జ’ కాదు. స్పెల్లింగులో చివర సి-ఇ రావాలి. ఎస్-ఇ రాయడం తరచుగా కనిపించే తప్పు.

భూతకాలంలో ‘రిడ్యూస్డ్’ అని రాస్తాం కానీ చివర వినిపించేది ‘ట్’, అంటే ‘రిడ్యూస్ట్’. హీ, షీ, ఇట్‌లతో వచ్చేటప్పుడు ‘రిడ్యూసెస్’ అని ఒక అక్షరం ఎక్కువ పలుకుతుంది, దాన్ని మింగేయకండి. నామవాచకం ‘రిడక్షన్’. ‘ఏ టెన్ పర్సెంట్ రిడ్యూస్’ అనే మాట ఇంగ్లీషులో లేదు, ‘ఏ టెన్ పర్సెంట్ రిడక్షన్’ అనాలి.

2. పక్కన ‘అయింది’ ఉందా, ‘చేశారు’ ఉందా చూడండి

ఇక్కడ తొందర పడకండి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే.

రోజువారీ తెలుగులో మనం ఈ మాటను ఒంటరిగా వాడం. ‘రేటు రిడ్యూస్ అయింది’ అంటాం, లేదా ‘రేటు రిడ్యూస్ చేశారు’ అంటాం. అవు, చేయి అనే మన సొంత క్రియలు పక్కన నిలబడి, దానంతట అది తగ్గిందా, ఎవరైనా తగ్గించారా అన్నది చెప్పేస్తాయి. అచ్చ తెలుగులో తగ్గు, తగ్గించు అని రెండు క్రియలున్నాయి కాబట్టి అక్కడ కూడా తేడా తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాక్యం చెప్పబోయేసరికి ఆ అయింది, చేశారు రెండూ రాలిపోతాయి. రిడ్యూస్ ఒక్కటే మిగులుతుంది. అది ‘తగ్గు’ కాదు, ‘తగ్గించు’. దానికి తగ్గించేవాళ్లు ఉండాలి, తగ్గించే వస్తువూ ఉండాలి.

అందుకే ఇలా చేయండి. రాసుకున్న పది వాక్యాల్లో ప్రతిదాన్నీ ‘రిడ్యూస్ అయింది’, ‘రిడ్యూస్ చేశారు’ అని మార్చి పైకి చదవండి. ‘చేశారు’ పొసిగిన వాక్యాల పక్కన చుక్క పెట్టండి. రిడ్యూస్ వాడాల్సింది చుక్క పడినవాటికే. ‘అయింది’ పొసిగినవాటికి వేరే మాట వెతకాలి.

‘ఓనరు అద్దె తగ్గించాడు.’ చేశాడు. ‘ది ఓనర్ రిడ్యూస్డ్ ది రెంట్.’ సరైన వాక్యం.

‘అద్దెలు తగ్గాయి.’ అయ్యాయి. ‘రెంట్స్ రిడ్యూస్డ్’ అనకండి. ‘రెంట్స్ హ్యావ్ కమ్ డౌన్’ అనండి.

‘ఈ మాత్ర నొప్పి తగ్గిస్తుంది.’ ఇక్కడ మాత్రే చేసేది. ‘దిస్ ట్యాబ్లెట్ రిడ్యూసెస్ పెయిన్.’ చేసేది మనిషే కానక్కర్లేదు, మందైనా యంత్రమైనా చట్టమైనా సరే.

ఒక హెచ్చరిక. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లోను, బ్రిటన్‌లో రాసే కొన్ని నివేదికల్లోను ‘ది రిస్క్ రిడ్యూసెస్ విత్ టైమ్’ లాంటి వాక్యాలు కనిపిస్తాయి. నిఘంటువుల్లోనూ దాన్ని ఒప్పుకున్నవి ఉన్నాయి. కాబట్టి అది చూసి ఎవరినీ తప్పుపట్టకండి. మీరు రాసేటప్పుడు మాత్రం ఆ దారి పట్టకండి. పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో అది తప్పుగా కనబడే అవకాశమే ఎక్కువ. వంటలో మాత్రం ‘లెట్ ది సాస్ రిడ్యూస్’ అనే వాడుక నిక్షేపంగా ఉంది. దాని సంగతి ఎనిమిదో మెట్టులో చూద్దాం.

3. ‘అయింది’ వాక్యాలకు తగిన మాట వెతకండి

తెలుగులో వాన నుంచి కోపం దాకా అన్నీ ‘తగ్గుతాయి’. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, మీకు రోజూ పనిపడేవి పట్టుకోండి.

- ధర, అద్దె, జ్వరం, వాపు: కమ్ డౌన్, గో డౌన్. ‘ది స్వెల్లింగ్ హ్యాజ్ గాన్ డౌన్.’
- అమ్మకాలు, సంఖ్యలు: ఫాల్, డ్రాప్, డిక్రీజ్. ‘సేల్స్ ఫెల్ ఇన్ జూన్.’
- వాన: ‘ది రెయిన్ హ్యాజ్ లెట్ అప్’, లేదా ‘ఈజ్డ్’.
- వరద: రిసీడ్. ‘ది ఫ్లడ్ వాటర్ హ్యాజ్ రిసీడెడ్.’
- కోపం: ‘హీ హ్యాజ్ కామ్డ్ డౌన్.’ కోపం కాదు, ఇంగ్లీషులో మనిషే చల్లబడతాడు.
- జనం: ‘ది క్రౌడ్ హ్యాజ్ థిన్డ్ అవుట్.’ మన ‘పలచబడింది’ లాంటి మాటే.
- బరువు: ‘ఐ హ్యావ్ లాస్ట్ వెయిట్.’

చివరిదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ‘యూ హ్యావ్ రిడ్యూస్డ్ ఏ లాట్’ అని చిక్కినవాళ్లతో అనడం మన దగ్గర చాలా మామూలు. ఇతర దేశాలవాళ్లకు అది వింతగా వినబడుతుంది, దేన్ని రిడ్యూస్ చేశారని ఎదురు చూస్తారు. ‘యూ హ్యావ్ లాస్ట్ వెయిట్’ అంటే చాలు. ‘రిడ్యూస్ యువర్ వెయిట్’ అని డాక్టరు చెప్పడం వ్యాకరణం ప్రకారం సరైనదే, ఎందుకంటే అక్కడ చేసేది మీరు.

ఏ మాటా తోచకపోతే ‘డిక్రీజ్’ వాడండి. అది తగ్గుకీ తగ్గించుకీ రెండిటికీ పనికొస్తుంది. ‘ది నంబర్ డిక్రీజ్డ్’ సరైనదే, ‘దే డిక్రీజ్డ్ ది డోస్’ కూడా సరైనదే. క్రియగా వాడేటప్పుడు ఒత్తు ‘క్రీజ్’ మీద, నామవాచకమైతే ముందున్న ‘డీ’ మీద. అయితే ఇది లెక్కలు, నివేదికల మాట. వానకో కోపానికో పెడితే అతకదు.

డాక్టరు దగ్గర ప్రత్యేక జాగ్రత్త

‘జ్వరం తగ్గింది’ అంటే తెలుగులో రెండు అర్థాలు. 102 నుంచి 100కి దిగినా తగ్గిందనే అంటాం, పూర్తిగా పోయినా తగ్గిందనే అంటాం. ‘తగ్గిపోయింది’ అంటే గానీ స్పష్టం కాదు. ఆ అస్పష్టతను ఇంగ్లీషులోకి మోసుకెళ్తే డాక్టరు పొరపడొచ్చు. ‘ఫీవర్ రిడ్యూస్డ్’ అనే బదులు అంకె చెప్పండి. ‘మై టెంపరేచర్ వజ్ 102 లాస్ట్ నైట్. ఇటీజ్ 99 నౌ.’ పూర్తిగా పోయిందంటే ‘ది ఫీవర్ ఈజ్ గాన్.’ అమెరికాలో ఫారన్‌హీట్ నడుస్తుంది. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో సెల్సియస్, అక్కడ 102 డిగ్రీలంటే దాదాపు 38.9.

నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. ‘ఇట్ వజ్ ఎయిట్, నౌ ఇటీజ్ త్రీ’ అంటే చాలు, ఏ క్రియా అవసరం లేదు.

‘షుగర్ తగ్గింది’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎక్కువగా ఉన్నది అదుపులోకి వచ్చినా అదే మాట, కళ్లు తిరిగేంతగా పడిపోయినా అదే మాట. మొదటిదానికి ‘మై షుగర్ హ్యాజ్ కమ్ డౌన్ టు 140’ అనండి. రెండోదానికి ‘మై షుగర్ వెంట్ లో, ఇట్ వజ్ 60’ అనండి. 70 కిందికి పోవడం ప్రమాదం కాబట్టి ‘లో’ అన్న మాట తప్పనిసరిగా వినబడాలి.

డాక్టరు ‘రిడ్యూస్ ది డోస్’ అంటే మోతాదు తగ్గించమని, ఆపమని కాదు. ఆపమంటే ‘స్టాప్’ అంటారు. ‘టేపర్’ అన్నారంటే కొన్ని రోజులపాటు మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వచ్చి ఆపమని. స్టెరాయిడ్ మాత్రల విషయంలో ఈ మాట ఎక్కువగా వింటారు. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం కాబట్టి ఏ రోజు ఎంతో కాగితం మీద రాయించుకోండి.

4. ‘చేశారు’ వాక్యాలను కట్టండి

వరుస సులువు. చేసేవాళ్లు, రిడ్యూస్, తగ్గించే వస్తువు. వస్తువును వదిలేయకూడదు. ‘ప్లీజ్ రిడ్యూస్’ అని మెయిల్లో రాస్తే దేన్ని అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ‘ప్లీజ్ రిడ్యూస్ ది ఫీ’ అని రాయండి.

తెలుగులో చేసినవాళ్లెవరో చెప్పకుండానే ‘ఫీజు తగ్గించారు’ అంటాం. ఆ కనబడని ‘వాళ్లు’ ఇంగ్లీషులో కర్మణి వాక్యంగా మారతారు. ‘ది ఫీ హ్యాజ్ బీన్ రిడ్యూస్డ్.’ ఎవరు తగ్గించారో తెలియకపోయినా, చెప్పడం ఇష్టం లేకపోయినా ఇదే దారి. ‘ది ఫీ రిడ్యూస్డ్’ అని రాసినచోటల్లా మధ్యలో ‘హ్యాజ్ బీన్’ గానీ ‘వజ్’ గానీ చేరిస్తే సగం తప్పులు అక్కడికక్కడే దిద్దుకుపోతాయి.

తిరుగు ప్రయాణంలోనూ ఇది గుర్తుంచుకోండి. ఇంగ్లీషు నోటీసును తెలుగు చేసేటప్పుడు ‘రుసుము తగ్గించబడినది’ అని రాయకండి. ‘రుసుము తగ్గించారు’ అన్నదే తెలుగు.

5. బై, టు, ఫ్రమ్: అంకె ముందు ఏముంది?

తెలుగులో ‘కి’ ఉంటే ఇంగ్లీషులో ‘టు’. ‘కి’ లేకుండా ఉత్త అంకె ఉంటే ‘బై’. ‘నుంచి’ ఉంటే ‘ఫ్రమ్’. సూత్రం ఇంతే.

అద్దె 8,000 అనుకోండి.

‘అద్దె వెయ్యి తగ్గించాడు.’ హీ రిడ్యూస్డ్ ది రెంట్ బై 1,000. ఇక కట్టాల్సింది 7,000.

‘అద్దె ఏడు వేలకి తగ్గించాడు.’ హీ రిడ్యూస్డ్ ది రెంట్ టు 7,000. కట్టాల్సింది అదే 7,000.

మొదటి వాక్యంలో బై బదులు టు పెట్టారంటే అద్దె వెయ్యి రూపాయలే అయిపోతుంది. ఒప్పంద పత్రంలో, కొటేషన్‌లో ఈ పొరపాటు నిజంగా డబ్బు పోగొడుతుంది. పంపే ముందు తీసివేత చేసి చూడండి. బై తర్వాతి అంకెను పాతదాంట్లోంచి తీసేస్తే కొత్తది రావాలి. టు తర్వాతి అంకే కొత్తది కావాలి.

రెండూ ఒకే వాక్యంలో రావొచ్చు. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి తగ్గించింది. ఆ నిర్ణయం ఇంగ్లీషులో ఇలా ఉంటుంది: రిడ్యూస్ ది పాలసీ రెపో రేట్ బై 25 బేసిస్ పాయింట్స్ టు 6.25 పర్సెంట్. 25 బేసిస్ పాయింట్లంటే పావు పర్సెంటేజ్ పాయింట్, ఆ లెక్క ఆరో మెట్టులో ఉంది. ఎంత తగ్గించారో బై చెప్పింది, ఎక్కడ ఆగిందో టు చెప్పింది.

రెజ్యూమెలో ఇంకో చిక్కు వస్తుంది. బై అనేది ‘ఎంత’కే కాదు, ‘ఎలా’కీ వస్తుంది. ‘రిడ్యూస్డ్ కాస్ట్స్ బై 40 పర్సెంట్ బై ఆటోమేటింగ్ రిపోర్ట్స్’ వ్యాకరణంలో తప్పు కాదు గానీ రెండు బైలు గుద్దుకుంటున్నాయి. అంకెను ఫ్రమ్, టులలోకి మార్చండి. ‘రిడ్యూస్డ్ రిపోర్ట్ టైమ్ ఫ్రమ్ 6 అవర్స్ టు 2 బై ఆటోమేటింగ్ డేటా ఎంట్రీ.’ చదివేవాళ్లకు ఇలా అయితే పని పరిమాణం కూడా కనబడుతుంది.

నామవాచకం దగ్గర: దేనిలో తగ్గిందో దానికి ‘ఇన్’, ఎంత తగ్గిందో దానికి ‘ఆఫ్’ (ఓ-ఎఫ్). ‘ఏ రిడక్షన్ ఇన్ ప్రైస్’, ‘ఏ రిడక్షన్ ఆఫ్ 200 రుపీస్’.

దుకాణం బోర్డు మీద ‘50 శాతం వరకు తగ్గింపు’ అని రాయాలంటే రిడ్యూస్ అక్కర్లేదు. ‘అప్ టు 50 పర్సెంట్ ఆఫ్’ సరిపోతుంది, ఈ ఆఫ్‌కు రెండు ఎఫ్‌లు. అప్, టు విడివిడిగా రాయాలి, కలిపి కాదు.

6. శాతాలు, రెట్లు

వడ్డీ 9 శాతం నుంచి 8 శాతానికి వచ్చిందనుకోండి. తగ్గింది ఒక ‘పర్సెంటేజ్ పాయింట్’. ‘బై వన్ పర్సెంట్’ అని రాస్తే 9లో నూరో వంతు తగ్గినట్టు, అంటే 8.91. బ్యాంకులవాళ్లు బేసిస్ పాయింట్లలో మాట్లాడేది ఈ గందరగోళం లేకుండా ఉండటానికే. 100 బేసిస్ పాయింట్లు ఒక పర్సెంటేజ్ పాయింట్.

‘మూడు రెట్లు తగ్గింది’ అనే మాట తెలుగులో చెల్లిపోతుంది. ‘రిడ్యూస్డ్ బై త్రీ టైమ్స్’ మాత్రం రాయకండి, ఎంతో తేలదు. మూడో వంతుకు వచ్చిందని మీ ఉద్దేశమైతే ‘రిడ్యూస్డ్ టు ఏ థర్డ్’ అనండి.

7. ‘తగ్గించు’ అయినా రిడ్యూస్ కుదరనివి

చేసేవాళ్లున్నారు, వస్తువుంది, అయినా వేరే మాటే సహజం అనిపించే చోట్లు కొన్ని ఉన్నాయి.

ఫ్యాను, టీవీ సౌండు, గ్యాస్ స్టవ్ మంట: ‘టర్న్ డౌన్’. ‘టర్న్ ది ఫ్యాన్ డౌన్.’ ‘రిడ్యూస్ ది ఫ్యాన్’ అంటే ఫ్యానునే చిన్నది చేయమన్నట్టు. స్పీడు అన్న మాట చేర్చి ‘రిడ్యూస్ ది ఫ్యాన్ స్పీడ్’ అంటే తప్పు లేదు.

గొంతు: ‘లోయర్ యువర్ వాయిస్’, ‘కీప్ యువర్ వాయిస్ డౌన్’.

ప్యాంటు పొడవు: ‘షార్టెన్’. నడుము దగ్గర లూజు తీయాలంటే ‘టేక్ ఇట్ ఇన్ ఎట్ ది వేస్ట్’. విదేశంలో టైలరుకు ‘రిడ్యూస్’ అని ఊరుకుంటే పొడవా, వెడల్పా అని మళ్లీ అడుగుతాడు.

సిగరెట్లు, టీ, ఉప్పు: ‘కట్ డౌన్ ఆన్’. ‘ఐ యామ్ కటింగ్ డౌన్ ఆన్ సాల్ట్.’ రిడ్యూస్ వాడాలనుకుంటే ‘ఇంటేక్’ చేర్చండి: ‘రిడ్యూస్ యువర్ సాల్ట్ ఇంటేక్’.

బేరం: ‘కొంచెం తగ్గించండి’కి ‘కెన్ యూ కమ్ డౌన్ ఏ లిటిల్?’ ఇక్కడ ధర కాదు, అమ్మేవాడే దిగుతాడు. ‘రిడ్యూస్ సమ్ రేట్’ అనేది తెలుగు వాక్యానికి ఇంగ్లీషు చొక్కా తొడగడమే.

మనుషుల మధ్య తగ్గడం వేరు. ‘నువ్వే కొంచెం తగ్గు, గొడవెందుకు’ అంటే ‘బ్యాక్ డౌన్’ లేదా ‘గివ్ ఇన్’. ఒకరిని తగ్గించి మాట్లాడటం ‘పుట్ సమ్‌వన్ డౌన్’. వయసు తగ్గించి చెప్పడం ‘టేక్ ఏ ఫ్యూ ఇయర్స్ ఆఫ్ హిజ్ ఏజ్’. వీటిలో ఏ ఒక్కదానికీ రిడ్యూస్ పనికిరాదు.

8. రిడ్యూస్ అంటే తగ్గించడం కానిచోట్లు

ఈ క్రియ లాటిన్‌లో ‘వెనక్కి నడిపించు’ అనే అర్థంలో పుట్టింది. తగ్గించు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పేవాటిలో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితంలో ‘ఓపెన్ రిడక్షన్ అండ్ ఇంటర్నల్ ఫిక్సేషన్’ అని కనబడితే కంగారు పడకండి. ఎముకను తగ్గించలేదు, కోసి తీసేయలేదు. పక్కకు జరిగిన విరిగిన ముక్కలను తిరిగి వాటి స్థానంలోకి తెచ్చి, ప్లేట్లతోనో స్క్రూలతోనో బిగించారని అర్థం. కోత పెట్టకుండా పైనుంచే సర్ది కట్టు కడితే అది ‘క్లోజ్డ్ రిడక్షన్’. ఈ కాగితాలను ఇంట్లోవాళ్లకు వివరించేటప్పుడు ‘ఎముకను సరిచేసి కూర్చారు’ అనండి.

పోలీసు స్టేషన్‌లో నోటితో చెప్పిన ఫిర్యాదును ‘రిడ్యూస్డ్ టు రైటింగ్’ చేయాలని చట్టం చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్. కుదించి రాయడమని చాలామంది పొరపడతారు. చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడమే దాని అర్థం. రాసినదాన్ని మీకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. అక్కడ ఏదైనా తగ్గితే తగ్గిందని చెప్పి రాయించుకునే హక్కు మీది.

లెక్కల్లో 6/8ని 3/4కి రిడ్యూస్ చేయడమంటే కనిష్ఠ రూపంలో రాయడం. విలువ పిసరంత కూడా తగ్గదు.

రసాయన శాస్త్రంలో ‘కాపర్ ఆక్సైడ్ ఈజ్ రిడ్యూస్డ్ టు కాపర్’ అంటే క్షయకరణం. ఇక్కడ ఎలక్ట్రాన్లు చేరతాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తగ్గడం అన్న అర్థంలో గుర్తుపెట్టుకుని, ఎలక్ట్రాన్లు పోతాయని తిరగేసి రాస్తుంటారు. తగ్గేది ఆక్సీకరణ సంఖ్య అని ముందే చెప్పండి.

అప్పు కాగితాల్లో ‘రిడ్యూసింగ్ బ్యాలెన్స్’ అంటే ప్రతి నెలా కట్టేకొద్దీ మిగిలిన అసలు మీదే వడ్డీ. ‘ఫ్లాట్’ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. లక్ష రూపాయలు, ఏడాది, 10 శాతం అనుకుందాం. ఫ్లాట్ అయితే వడ్డీ 10,000, నెలకు సుమారు 9,167 కట్టాలి. రిడ్యూసింగ్ అయితే నెలకు సుమారు 8,792, మొత్తం వడ్డీ 5,500 లోపే. శాతం ఒకటే అయినా వడ్డీ దాదాపు సగమే. సంతకం పెట్టే ముందు ఈ ఒక్క మాట ఉందో లేదో చూసుకోండి.

ఇక వంట. ‘రిడ్యూస్ బై హాఫ్’ అని ఇంగ్లీషు వంటకంలో ఉంటే మంట తగ్గించమని కాదు. మూత తీసి, నీరు ఆవిరై సగమయ్యేదాకా మరిగించమని. చిక్కబడి, రుచి దగ్గరపడుతుంది. దీనికి మన భాషలో అచ్చమైన మాట ఉంది: ఇగర్చడం. రొయ్యల ఇగురు, కోడి ఇగురు అనేటప్పుడు ఆ ‘ఇగురు’ చెప్పేది ఇదే పని. తెలుగులో ఇగరడం, ఇగర్చడం రెండూ ఉన్నట్టే వంటింటి ఇంగ్లీషులో రిడ్యూస్ రెండు పనులూ చేస్తుంది. ‘రిడ్యూస్ ది సాస్’ అంటే ఇగర్చు, ‘లెట్ ఇట్ రిడ్యూస్’ అంటే ఇగరనివ్వు. ఉప్పు మాత్రం ఇగిరిన తర్వాతే సరిచూడండి. నీరు పోతుంది, ఉప్పు పోదు కాబట్టి ముందే సరిపెడితే చివరికి ఉప్పుకషాయమవుతుంది.

‘రిడ్యూస్డ్ టు’ తర్వాత అంకె కాకుండా ఒక స్థితి వస్తే అది దిగజారడం. ‘రిడ్యూస్డ్ టు టియర్స్’ కన్నీళ్లపాలు కావడం, ‘రిడ్యూస్డ్ టు యాషెస్’ బూడిదపాలు కావడం. మన ‘పాలు’ ఇక్కడ చక్కగా అతుకుతుంది. మంచి స్థితికి ఎదిగినప్పుడు దీన్ని వాడరు.

సరిచూసుకోవడం

రాసిన వాక్యాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. తగ్గించింది ఎవరు, లేదా ఏది? దేన్ని? అంకె ఉంటే తీసివేత సరిపోయిందా? వాక్యాన్ని తిరిగి తెలుగు చేస్తే ‘తగ్గించు’ వస్తోందా, ‘తగ్గు’ వస్తోందా? చివరి ప్రశ్నకు ‘తగ్గు’ అని వస్తే రిడ్యూస్ తీసేసి మూడో మెట్టుకు వెళ్లండి. అనుమానం మిగిలితే నిఘంటువులో ఉదాహరణ వాక్యాలు చదవండి. అర్థం కన్నా అవే ఎక్కువ నేర్పుతాయి. రిడ్యూస్ తర్వాత వచ్చే మాటలు అక్కడ ఏవేవి ఉన్నాయో గమనించండి: రిస్క్, కాస్ట్, స్ట్రెస్, నాయిస్, స్పీడ్. వీటితో నిశ్చింతగా వాడొచ్చు.

కింది ఏడు వాక్యాలను జవాబులు చూడకుండా ఇంగ్లీషు చేయండి.

క. చలి తగ్గింది.
ఖ. పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించారు.
గ. బస్సు ఛార్జీ అయిదు రూపాయలు తగ్గింది.
ఘ. కూరలో కారం తగ్గించు.
చ. కాలి వాపు ఇంకా తగ్గలేదు.
ఛ. ఈ మందు వాపు తగ్గిస్తుంది.
జ. వాడు ఎవరి దగ్గరా తగ్గడు.

జవాబులు

క. ఇట్స్ నాట్ యాజ్ కోల్డ్ నౌ. క్రియ వెతుక్కోకుండా ‘అంత చలి లేదు’ అని తిప్పి చెప్పడమే సహజం.
ఖ. వర్కింగ్ అవర్స్ హ్యావ్ బీన్ రిడ్యూస్డ్ ఫ్రమ్ నైన్ టు ఎయిట్. హ్యావ్ బీన్ మరిచిపోయారేమో చూడండి.
గ. ది బస్ ఫేర్ హ్యాజ్ కమ్ డౌన్ బై ఫైవ్ రుపీస్. ‘కి’ లేదు కాబట్టి బై.
ఘ. యూజ్ లెస్ చిల్లీ. ‘రిడ్యూస్ ది చిల్లీ’ అన్నా అర్థమవుతుంది, కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.
చ. ది స్వెల్లింగ్ ఇన్ మై ఫుట్ హ్యాజంట్ గాన్ డౌన్ యెట్.
ఛ. దిస్ మెడిసిన్ రిడ్యూసెస్ స్వెల్లింగ్. పై వాక్యంలో ఉన్న వాపే, కానీ ఇక్కడ తగ్గించేది ఉంది.
జ. హీ డజంట్ బ్యాక్ డౌన్ ఫర్ ఎనీవన్. ‘హీ నెవర్ రిడ్యూసెస్’ అని రాసి ఉంటే ఏడో మెట్టు మళ్లీ చదవండి.